సాయంకాలపు నడక – పక్షుల పరిచయము

మా పాఠశాల విద్యార్థుల తండ్రులలో పెక్కుమంది సోలాపూరులోని మరమగ్గముల మీద పనిచేయువారు. తల్లులలో పలువురు ఇంటివద్దనే బీడీలు చుట్టుదురు. ఉదయము మొదలు సాయంకాలము వరకు మూరెడు దూరములోనున్న దారమునో, చేటలోనున్న ఆకునో చూచుచుండుటయే వారి కన్నులకు గల పని. ఇంటికి చేరిన పిమ్మట టెలివిజను ఎదుటనో, చేతిఫోను ఎదుటనో కూర్చుండుటను విశ్రాంతి యని మనము తలంచుచున్నాము. కాని అప్పుడును కన్ను మూరెడు దూరముననే పనిచేయుచున్నది. శరీరము కూర్చున్నదేగాని, కంటికి సెలవు దొరకలేదు.

ఈ సంగతిని గుర్తించి, గత రెండు సంవత్సరములుగా మేము వారమునకు రెండు సాయంకాలములు విద్యార్థులను, వీలున్న తల్లిదండ్రులను వెంటగొని పక్షులను చూచుటకు నడచి వెళ్లుచున్నాము. దీనికి రుసుము లేదు, ప్రత్యేకమైన పరికరము లేదు. ఈ నడక యెట్లు చేయవలయునో, దానివలన కలుగు మేలేమో తల్లిదండ్రులకు విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఈ మాట చెప్పినప్పుడు ఒక తండ్రి మమ్ము సూటిగా నడిగెను: "పొద్దంత సాంచాల మీద నిలబడి వస్తం సారూ. మళ్ల పిట్టలను చూసుకుంట తిరిగితే ఏమొస్తది?" ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుట మా విధి.

కంటికి విశ్రాంతి

కంటి లోపల కటకమును సర్దుబాటు చేయు చిన్న కండరము ఒకటి కలదు. దగ్గరి వస్తువును చూచునపుడు అది బిగిసియుండును. దూరపు వస్తువును చూచునపుడు సడలును. దినమంతయు దారమును చూచువాని కంటిలో ఆ కండరము దినమంతయు పిడికిలి బిగించినట్లేయుండును. చెరువు ఆవలిగట్టున వ్రాలిన కొంగను చూచినప్పుడు ఆ పిడికిలి విడివడును. పిల్లల విషయమున ఇంకొక విశేషము కలదు. పగటి వెలుతురులో ఆరుబయట ఎక్కువసేపు గడపు పిల్లలలో హ్రస్వదృష్టి, అనగా దూరపు వస్తువులు మసకగా కనబడు దోషము, ప్రారంభమగుట తగ్గునని పెక్కు దేశములలో జరిగిన పరిశోధనలు తెలిపినవి.

కన్ను మాత్రమేగాక మనస్సును ఊరట చెందును. ఊరక నడచునప్పుడు మనస్సు మరల పనిలోని చిక్కులను, అప్పులను, కూలి లెక్కలను తిరగవేయుచుండును. ఒక పక్షి ఎచట వ్రాలునో కనిపెట్టుచున్నంతసేపు మనస్సునకు ఆ తీరిక యుండదు. ఇదియే ఈ నడకలోని కిటుకు.

సాయంకాలమే యేల?

మన ఊరి ఎండ సంగతి తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. నడిమధ్యాహ్నమున పక్షులును నీడ పట్టున అణగియుండును. ఎండ చల్లబడిన తరువాత, రాత్రికి ముందు కడుపు నింపుకొనుటకై మరల బయలువెడలును. అదే సమయమున పురుగులును, దోమలును గాలిలోనికి లేచును. వాటిని పట్టుటకు పక్షులు వచ్చును. పొద్దు వ్రాలుచుండగా గోరువంకలు, కాకులు, చిలుకలు, కొంగలు తమ తమ నెలవులకు గుంపులుగా తిరిగివచ్చును. కావున ఉన్నచోట నిలిచియుండినను పలు జాతులు మన యెదుటనుండియే సాగిపోవును. చీకటి పడుచుండగా గబ్బిలములు బయలుదేరును. గబ్బిలము పక్షి కాదనియు, పిల్లలకు పాలిచ్చు జంతువనియు పిల్లలకు తెలుపుటకు అంతకంటె మంచి సమయము లేదు.

శీతకాలమున 6 గంటల ప్రాంతమున సూర్యుడస్తమించును. కావున 5 గంటలకే బయలుదేరవలయును. కార్తికము మొదలు మాఘము వరకు గల నెలలు ఈ నడకకు శ్రేష్ఠమైనవి. అప్పుడు ఉత్తరదేశములనుండి వలసపక్షులు దక్కను చెరువులకు వచ్చును. తలమీద రెండు నల్లచారలు గల బూడిదరంగు పెద్దబాతు టిబెట్టు, మంగోలియా ప్రాంతములనుండి హిమాలయములను దాటి మన దేశమునకు వచ్చుచున్నది. తోకను క్రిందికి మీదికి ఆడించుచు నీటియంచున పరుగిడు కాటుకపిట్టలలోను కొన్ని జాతులు అట్లు వచ్చినవే.

ఎచటికి వెళ్లవలయును?

దూరము పోనక్కరలేదు. పనిదినములలో మేము సిద్ధేశ్వర చెరువుగట్టునకు వెళ్లుచున్నాము. నెలకొకమారు విజాపురము రోడ్డుమీదనున్న కంబర తలావునకు, అనగా ధర్మవీర్ సంభాజీ తలావునకు పోవుచున్నాము. అంత దూరము రాలేనివారు తమ వీధి చివరనున్న రావిచెట్టు క్రింద అరగంట నిలిచినను చాలును. సాయంకాలము ఆ చెట్టుమీద చేరు గోరువంకల కలకలమును వినినవారు మా పాఠశాల వదలిపెట్టు గంటను తలచుకొందురు.

నిలుచునపుడు సూర్యుడు మన వీపునకుండునట్లు చూచుకొనవలయును. సూర్యుడు ఎదుటనున్నచో ప్రతి పక్షియు నల్లని నీడవలె కనబడును గాని, రంగు తెలియదు. ఎర్రని, తెల్లని బట్టలకంటె మట్టిరంగు బట్టలు మేలు. చేయి చాచి చూపుట, పరుగెత్తుట, కేకలు వేయుట కూడదు. దుర్భిణి యున్నచో మంచిదే; లేకున్నను లోపము లేదు. మా వద్దనున్నది ఒక్కటే. దానిని పిల్లలు వరుసగా ఒకరి తరువాత ఒకరు చూతురు.

గుర్తించు విధము

క్రొత్త పక్షి కనబడగానే పేరు అడుగక, ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలయునని మేము పిల్లలకు నేర్పుచున్నాము.

మొదటిది, పరిమాణమెంత? పిచ్చుకంతయా, గోరువంకంతయా, కాకియంతయా, గద్దయంతయా? ఈ నాలుగు పక్షులు అందరికిని తెలిసినవగుటచే అవే మన కొలబద్దలు.

రెండవది, ముక్కు ఎట్టిది? పొట్టిగా, లావుగా నున్నచో గింజలు పగులగొట్టుటకు. కొక్కెమువలె వంగియున్నచో మాంసము చీల్చుటకు. ఈటెవలె నిడుపుగా నున్నచో చేపలను పట్టుటకు.

మూడవది, కాళ్లెట్టివి? నీటిలో నిలిచి వేటాడు కొంగకు పొడవైన కాళ్లు. ఈదు బాతునకు వ్రేళ్ల నడుమ పొర.

నాలుగవది, అది ఏమి చేయుచున్నది? నీటిలో మునుగుచున్నదా, తీగమీద కూర్చుండి గాలిలోని పురుగునకై ఎగిరి మరల అచటికే వచ్చుచున్నదా, బురదలో పొడుచుచున్నదా?

ఈ నాలుగింటికి జవాబు దొరకిన పిమ్మట పేరు తెలిసికొనుట సులభము. మేమును ప్రారంభమున నీటిమీద తేలు ప్రతి నల్లని పక్షిని నీటికాకి యనుచుంటిమి. ఒకనాడు ఐదవ తరగతి బాలుడు, "సార్, దాని నుదురు తెల్లగున్నది, ముక్కు గూడ తెల్లగున్నది, నీటికాకికి అట్లుండది గదా" అని మమ్ము దిద్దెను. అది బొల్లికోడి. బొల్లి యనగా తెల్లమచ్చ. పేరులోనే గుర్తు కలదు. ఆ దినమున బాలుడు ఉపాధ్యాయుడాయెను, మేము విద్యార్థులమైతిమి.

కొన్ని పరిచయములు

తీతువు: కాకికంటె కొంచెము చిన్నది, పసుపుపచ్చని పొడవైన కాళ్లు, కంటివద్ద ఎర్రని తోలు. దీని కూత అపశకునమని మన యిండ్లలో పెద్దలు భయపడుదురు. నిజమేమనగా, ఈ పక్షి గూడు కట్టదు. బయలునేలమీద గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లును రాళ్లవలెనే యుండును. మనిషిగాని, కుక్కగాని ఆ దాపునకు వచ్చినచో, రాత్రియైనను సరే, తల్లిదండ్రులు రెండును లేచి అరచుచు తిరుగును. మనకు అపశకునముగా తోచిన ఆ కూత బిడ్డలను కాపాడుకొను తల్లిదండ్రుల ఆందోళనయేగాని వేరుకాదు. ఈ సంగతి విన్న తరువాత ఒక ముసలమ్మ, "అయ్యో, ఇన్నాళ్లు దాన్ని తిట్టిన్నే" అని నొచ్చుకొనెను.

పసులపోలిగాడు: నిగనిగలాడు నల్లని పక్షి, తోక చివర రెండుగా చీలియుండును. దీనినే ఏట్రింత యనియు అందురు. పశువులు మేయునపుడు లేచు పురుగులకై వాటి వీపులమీద కూర్చుండును. అందుచేతనే ఆ పేరు. తనకంటె పెద్దవియగు కాకిని, గద్దను గూడ తన గూటి దరికి రానీయక తరుమును. మరాఠీవారు దీనిని కొత్వాల్ అందురు. ఒకరు దాని మేతను చూచి పేరు పెట్టిరి, ఒకరు దాని ధైర్యమును చూచి పేరు పెట్టిరి. రెండును తెలిసిన బాలునికి ఒకే పక్షి రెండు విధములుగా తెలియును.

పాలపిట్ట: కూర్చున్నప్పుడు మట్టిరంగుగా కనబడి, ఎగిరినంతనే నీలిరెక్కలు విప్పును. దసరానాడు దీనిని చూచుట శుభమని తెలంగాణమునుండి వచ్చిన మన పెద్దలు ఊరిబయటికి పోయి చూచెడివారు. నేడది తెలంగాణమునకును, కర్ణాటకమునకును రాష్ట్రపక్షి. దసరాకై దీనిని పట్టి పంజరమున పెట్టి చూపుట పక్షికి హింస, చట్టరీత్యా నేరము. పొలముగట్టున తీగమీద కూర్చున్న పాలపిట్టను చూచుటయే మన పెద్దలు చేసిన పని.

గిజిగాడు – ఒక నేతగాడు

మొదట చెప్పిన ప్రశ్న నడిగిన తండ్రి, కూతురు పట్టుబట్టుటచే, వర్షకాలములో ఒకనాడు మా వెంట వచ్చెను. పొలిమేరలో ఒక పాతబావి మీదికి వంగిన తుమ్మచెట్టు కలదు. దానికి పదిపండ్రెండు గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండెను. పిల్లలు "సుగరణ, సుగరణ" అని మరాఠీలో గుసగుసలాడిరి. ఆయన ఏమియు పలుకక చాలసేపు నిలిచి చూచెను.

గిజిగానిలో గూడు కట్టునది మగపక్షి. అది గడ్డియాకు అంచును ముక్కుతో కొరికి, ఎగిరిపోవుచు నిడుపైన పోగుగా చీల్చుకొని వచ్చును. ఆ పోగు కొనను కొమ్మకు ముడివేసి, కాలితో పట్టి, ముక్కుతో లోనికి బయటికి దూర్చుచు అల్లును. గూడు సగమైనప్పుడు శిరస్త్రాణమువలె నుండును. అప్పుడు ఆడపక్షి వచ్చి పరీక్షించును. మెచ్చినచో మగపక్షి గ్రుడ్లగదిని, గొట్టమువంటి ద్వారమును కట్టి ముగించును. మెచ్చనిచో ఆ గూడు సగములోనే నిలిచిపోవును. ఒక గూటికి వందలకొలది మారులు పోగు తేవలసియుండును. సలీం అలీ యను సుప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు (1896–1987) బొంబాయికి దక్షిణమున సముద్రతీరముననున్న కిహీం గ్రామమున ఈ గూళ్లను దినములతరబడి కనిపెట్టి, మగపక్షి ఒక గూటితో ఆగక మరికొన్ని గూళ్లు కట్టి వేరు ఆడపక్షులను ఆహ్వానించునని 1930 ప్రాంతమున లోకమునకు తెలిపెను.

మేమీ సంగతులను చెప్పుచుండగా ఆ తండ్రి కూతురిని దగ్గరకు పిలిచి యిట్లనెను: "చూడు బిడ్డా, మగ్గం లేదు, నాడె లేదు, ముక్కుతోటే పోగు దింపుతున్నది. ఆ ముడి చూడు, గుంజినకొద్ది బిగుస్తది. మా తాత గీ ముడే ఏసేటోడు." తరువాత తుమ్మకొమ్మనుండి రాలిన పాతగూడు ఒకటి నేలమీద నుండగా తీసి, దానిలోని పోగులు ఎట్లు సాగినవో పిల్లలందరికిని వ్రేళ్లతో విప్పి చూపెను. ఆ అరగంటలో మేము చెప్పదగినదేమియు మిగులలేదు.

ఆయనను గూర్చి మరియొక సంగతి చెప్పవలసియున్నది. ఇరువది యేండ్లు సాంచాల చప్పుడులో పనిచేసినందున సన్నని ధ్వనులు ఆయనకు వినబడవు. నిరంతరమైన పెద్దచప్పుడు చెవిలోని సూక్ష్మభాగమును మొదట హెచ్చుశ్రుతి ధ్వనులయెడలనే చెరచును. ఆ నష్టము తిరిగి బాగుపడదు. ఇంటిలో కూతురు పలికినప్పుడు ఆయన సరిగా వినక ఊరకుండుటయు, ఆమె విసుగుతో మాటలు తగ్గించుటయు జరుగుచుండెనని తరువాత తెలిసినది. ఇప్పుడు నడకలో తేనెపిట్ట కూత వినబడగానే ఆ బాలిక, "నాయినా, ఆ కొమ్మమీద" అని ఆయన ముంజేతిని తాకును. ఆయన చూపు మిక్కిలి వాడిది. ఆకుల చాటున పక్షిని పట్టి, దాని పేరు చెప్పును. ఆమె వినును, ఆయన చూచును. ఈ యేడు ఆయన తప్పించిన సాయంకాలములు రెండో మూడో యుండును.

కార్ఖానాలో పనిచేయు తండ్రులు చెవులకు కాపు పెట్టుకొనవలయునని ఈ సందర్భముననే విన్నవించుచున్నాము. పోయినదానిని తేలేముగాని, ఉన్నదానిని కాపాడుకొనవచ్చును.

పేరు నిలిచినచో

మా పిల్లలలో అనేకులకు చిమణీ, సాళుంకీ, బగళా, టిటవీ తెలియును. పిచ్చుక, గోరువంక, కొంగ, తీతువు అన్నచో క్షణకాలము తడబడుదురు. మరాఠీ పేరు తెలియుట తప్పుకాదు. మనము నివసించు నేల భాష అది. తెలుగు పేరు మరచుట మాత్రము నష్టము. ఇంట తాతకు, అవ్వకు తెలిసిన పేర్లు అవే. ఆ పేరు లేనిచో వారితో ఆ మాట లేదు.

పేరు నిలిచినందున కలిగిన లాభమునకు ఒక నిదర్శనము చెప్పెదము. 19వ శతాబ్దిలో జెర్డన్ అను వైద్యుడు మద్రాసు సైన్యమున పనిచేయుచు తెలుగునాట పక్షులను పరిశీలించి, ప్రజలు చెప్పిన తెలుగు పేర్లను తన గ్రంథములలో చేర్చెను. ఆయన కనుగొన్న ఒక పక్షి 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. 1900 తరువాత అది ఎవరికిని కనబడనందున అంతరించినదని పండితులు తలచిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు వెదకుచు కడపజిల్లాకు వచ్చినప్పుడు, అచటి పల్లెవాసులు ఆ పక్షిని ఎరుగుదురు. కలివి పొదల నడుమ తిరుగునది కావున దానిని కలివికోడి యనుచుండిరి. వారి సాయముననే 1986 జనవరిలో అది మరల దొరకెను. గ్రంథములలో పోయిన పక్షి పల్లెవారి యెరుకలో బ్రతికియుండెను. ఆ పల్లెవారికి పట్టాలు లేవు. పేరు మాత్రము తెలియును.

సోలాపూరు వాసులమగు మనకు దీనివంటి హెచ్చరికయు దగ్గరలోనే కలదు. మన జిల్లాలోని నన్నజ్ వద్ద బట్టమేక పిట్టకై 1979లో అభయారణ్యము ఏర్పడెను. మనిషి నడుమెత్తుండు ఆ గడ్డిబయళ్ల పక్షి నేడు దేశమంతటను మిక్కిలి అరుదైపోయినది. పక్షియు పోయి, పేరును పోయినచో, అది యుండెనన్న సంగతియే మన పిల్లలకు తెలియదు.

తల్లిదండ్రులకు విన్నపము

ప్రతి విద్యార్థికిని ఒక చిన్న పుస్తకము నిచ్చితిమి. అందులో తేది, వేళ, స్థలము, చూచిన పక్షి, ఎన్ని యున్నవి అను అయిదు గడులు కలవు. ఆరవ గడి ఖాళీగా నున్నది. "మా ఇంట దీని పేరు" అని దానికి శీర్షిక. ఆ గడిని మేము నింపజాలము, మీరే నింపవలయును. కరీంనగరమునుండి వచ్చినవారి పేరొకటి, పాలమూరునుండి వచ్చినవారి పేరు మరొకటి కావచ్చును. రెండును వ్రాయుడు. ఏది ఒప్పు, ఏది తప్పు అను విచారణ వలదు.

గూళ్లను తాకకుడు, గ్రుడ్లను తీయకుడు, పక్షిపిల్ల నేలబడినచో చాలసార్లు దాని తల్లి దాపుననే యుండును గనుక ఇంటికి తేకుడు. ఎండకాలమున మేడమీద మట్టిమూకుడులో నీరుంచుడు, దినమునకొకమారు మార్చుడు.

బుధ, శనివారములలో 5 గంటలకు పాఠశాల గేటువద్దనుండి బయలుదేరెదము. చీకటిపడునప్పటికి అందరును ఇండ్లకు చేరుదురు. పని ముగియక రాలేని తల్లులు ఆరవ గడిలో ఒక్క పేరు చెప్పి పంపినను ఆ సాయంకాలము మా వెంట నడచినట్లే భావించెదము.